మొబిలిటీ స్కూటర్‌తో ఓడ ఎక్కాలంటే: గార్డెన్ రీచ్ రేవు నుంచి విశాఖ క్రూజ్ టెర్మినల్ దాకా

కోల్‌కతా నగరానికి నైరుతి దిక్కున హుగ్లీ ఒడ్డున ఉన్న పేట గార్డెన్ రీచ్. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే ఆటుపోట్ల పట్టికల్లో ఈ పేరుకు సొంత పేజీలున్నాయి. ఏ తేదీన, ఎన్ని గంటలకు నది ఎంత ఎత్తుకు లేస్తుందో, ఎంత లోతుకు దిగుతుందో అందులో ముందే ఉంటుంది. అది నౌకల పైలట్ల కోసం వేసిన పట్టిక. కానీ చక్రాల మీద తిరిగే మనిషికి కూడా అంతే అవసరం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ పోటుకూ ఆటుకూ మధ్య తేడా నాలుగైదు మీటర్లు ఉంటుంది. పొద్దున ఒడ్డుకు దాదాపు సమంగా కనిపించిన పడవ, ఆరేడు గంటల తర్వాత మనిషి ఎత్తుకు రెండున్నర రెట్లు కింద ఉంటుంది. నడవగలిగినవాళ్లు ఆ వాలు మీద కాస్త వంగి జాగ్రత్తగా దిగిపోతారు. స్కూటర్ మీద ఉన్నవాళ్లకు అక్కడితో ప్రయాణం ఆగిపోవచ్చు.

క్రూజ్ ప్రయాణం తెలుగు ఇళ్లలో మాట్లాడుకునే విషయం అయి కొన్నేళ్లయింది. సింగపూర్, ముంబయి, చెన్నై, ఇప్పుడు విశాఖ. ప్యాకేజీ చూసుకున్నాక ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న: ‘మోకాళ్లు అరిగిన అమ్మను, పక్షవాతం వచ్చిన నాన్నను తీసుకెళ్లగలమా?’ నౌకలో లిఫ్టులున్నాయి, నేల సమంగా ఉంటుంది, పడక నుంచి భోజనం బల్ల దాకా చక్రాల మీదే వెళ్లొచ్చు. కంపెనీలు ఇచ్చే ఈ జవాబు చాలావరకు నిజమే. అయితే ఇబ్బంది ఎక్కువగా వచ్చేది నౌకలో కాదు. ఒడ్డుకూ నౌకకూ మధ్య ఉండే ఆ కొన్ని మీటర్ల దారిలో.

అసలు ఏ స్కూటర్?

మన దగ్గర స్కూటర్ అంటే చేతక్, యాక్టివా. మొబిలిటీ స్కూటర్ వేరు. కుర్చీ, ముందు హ్యాండిల్, మూడు లేక నాలుగు చిన్న చక్రాలు, కాళ్ల కిందో సీటు కిందో బ్యాటరీ. మనిషి నడక వేగానికి కాస్త అటూఇటూగా వెళ్తుంది. అసలు నడవలేనివారి కంటే, నాలుగడుగులు వేయగలిగి ఎక్కువ దూరం నడవలేనివారికి ఇది అనువు. 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో అలన్ థీమ్ అనే వ్యక్తి మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో బాధపడుతున్న తన కుటుంబ సభ్యురాలి కోసం ‘అమిగో’ అనే బండి తయారుచేశారు. నేటి స్కూటర్లకు అదే మూలం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు దివ్యాంగులకు ఇచ్చే మూడు చక్రాల మోటారు వాహనాలు, కేంద్రం అడిప్ పథకం కింద ఇచ్చే బ్యాటరీ ట్రైసైకిళ్లు ఈ కోవలోకి రావు. అవి రోడ్డు కోసం చేసినవి. వెడల్పు ఎక్కువ, విడదీయడానికి వీలుండదు. నౌక కేబిన్ తలుపులోంచి లోపలికి రావు. చక్రాల కుర్చీకి ముందు మోటారు తగిలించే పద్ధతి ఇంకోటి ఉంది. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన నియోమోషన్ సంస్థ చేసే నియోబోల్ట్ అలాంటిదే. రోడ్డు మీద తగిలించుకుని, లోపల విప్పేసి కుర్చీ ఒక్కటే వాడుకోవచ్చు.

నౌకకు పనికొచ్చేది ‘ట్రావెల్ స్కూటర్’. నాలుగైదు ముక్కలుగా విడిపోయేదో, పెట్టెలా మడిచేదో. మొత్తం బరువు 20 నుంచి 45 కిలోల మధ్య ఉంటుంది. రోడ్డు మీద నడిపే పెద్ద నాలుగు చక్రాల బండ్లు వంద కిలోలు దాటుతాయి. మూడు చక్రాలది ఇరుకులో తిరగడానికి సులువు, నాలుగు చక్రాలది వాలు మీద స్థిరం. నౌక నడవాలో మొదటిది నెగ్గుతుంది, గ్యాంగ్‌వే మీద రెండోది. రెండూ కావాలనుకునేవారికి మార్కెట్లో బండి లేదు.

ఒకే పేటలో రెండు రకాల నీళ్లు

గార్డెన్ రీచ్ పేరు ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు కొత్త కాదు. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే చేతికి వెళ్లేదాకా వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలో ఉండేది. ఆ జోన్ ప్రధాన కార్యాలయం, కేంద్ర ఆసుపత్రి గార్డెన్ రీచ్‌లోనే ఉన్నాయి. ఆర్డరు ఏదైనా ‘గార్డెన్ రీచ్ నుంచి రావాలి’ అనే మాట ఆ క్వార్టర్లలో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ‘రీచ్’ అంటే నది తిన్నగా సాగే భాగం. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ దొరలు ఇక్కడ తోట బంగళాలు కట్టుకున్నారు కాబట్టి ఆ పేరు. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా పక్కనే మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డారు.

ఈ పేటలో పక్కపక్కనే రెండు రకాల నీళ్లున్నాయి. ఒకటి నది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. రెండోది డాక్. కిడ్డర్‌పూర్ డాక్, గార్డెన్ రీచ్‌లోని నేతాజీ సుభాష్ డాక్ రెండూ లాక్ గేట్ల వెనక నీటిని నిలిపి ఉంచే కొలనులు. గేటు మూసేస్తే లోపలి నీటి మట్టం నదితో పాటు ఊగదు. లోపల కట్టిన నౌక పొద్దునా సాయంత్రం దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది. సరకు, ఇంధనం ఎక్కుతున్నకొద్దీ కాస్త కిందకు కుంగుతుంది, అంతే. స్కూటర్ ఉన్న ప్రయాణికుడికి ఇది పెద్ద వరం కావాలి.

కానీ ఆ వరం వల్ల లాభం తక్కువ. మొదటి కారణం లాక్ గేటే. నేతాజీ సుభాష్ డాక్‌లోకి రాగల నౌక పొడవు సుమారు 172 మీటర్లకు మించకూడదు. పైగా సముద్ర ముఖం సాండ్‌హెడ్స్ నుంచి ఇక్కడికి 232 కిలోమీటర్లు నదిలో రావాలి, ఒండ్రు వల్ల లోతు తక్కువ. నేటి క్రూజ్ నౌకల్లో మధ్యరకంవి కూడా ఈ కొలతకు పెద్దవే. రెండో కారణం ఇక్కడి నుంచి వెళ్లే ప్రయాణికుల నౌకల తీరు. కోల్‌కతా నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీవిజయపురం) వెళ్లే నౌకలు విహారానికి కావు, రవాణాకు. మూడు నాలుగు రోజుల ప్రయాణం. ఒడ్డు నుంచి పైకి వేసేది ఎక్కువగా మెట్ల గ్యాంగ్‌వేనే. విశాఖ నుంచి అండమాన్ వెళ్లే నౌకల్లో తెలుగువాళ్లు దశాబ్దాలుగా ప్రయాణిస్తున్నారు. పెద్దవాళ్లను కుర్చీతో సహా నలుగురు మోసుకెళ్లడం వాళ్లకు కొత్త దృశ్యం కాదు. మోసేవాళ్లు దయతోనే మోస్తారు. కానీ మెట్ల మీద గాలిలో ఊగుతున్న కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ రెండు నిమిషాలు ఎలా ఉంటాయో టికెట్టు మీద ఎవరూ రాయరు.

48 మీటర్ల లెక్క

ఇక నది వైపు. హుగ్లీ మీద ఫెర్రీ రేవులు చాలావాటికి నిర్మాణం ఒకటే. ఒడ్డున ఒక స్థిరమైన గట్టు. నీళ్ల మీద తేలే పాంటూన్. గోదావరి జిల్లాల్లో పంటు అంటారే, దానికి బంధువు. రెండిటినీ కలుపుతూ ఒక గ్యాంగ్‌వే. దాని పై చివర గట్టుకు బందు మీద తిరుగుతుంది, కింది చివర పాంటూన్ మీద ఆనుతుంది. నీరు లేస్తే గ్యాంగ్‌వే సమమవుతుంది, దిగితే నిటారవుతుంది.

దేశంలోని సార్వత్రిక ప్రవేశ మార్గదర్శకాలు ర్యాంపుకు 1:12 వాలు చెబుతున్నాయి. అంటే ఒక మీటరు దిగడానికి 12 మీటర్ల పొడవు. కోణంలో చెప్పాలంటే ఐదు డిగ్రీల లోపు. నీరు 4 మీటర్లు దిగే చోట ఈ వాలు నిలవాలంటే గ్యాంగ్‌వే 48 మీటర్లుండాలి. 5 మీటర్లు దిగితే 60 మీటర్లు. 24 మీటర్ల గ్యాంగ్‌వే ఉంటే, 4 మీటర్ల ఆటులో వాలు 1:6 అవుతుంది. అది తొమ్మిదిన్నర డిగ్రీలు. చిన్న ట్రావెల్ స్కూటర్లకు తయారీదారులు చెప్పే హద్దు సాధారణంగా ఆరు నుంచి పది డిగ్రీలు. అదీ పొడి నేల మీద, మనిషి బరువు పరిమితిలో ఉన్నప్పుడు. బురద నీళ్లు పడిన ఇనుప రేకు మీద, పడవ వచ్చి తాకినప్పుడు కదిలే పాంటూన్ వైపు దిగుతూ ఆ హద్దును పరీక్షించడం తెలివైన పని కాదు.

అందుకే ఆటుపోట్ల పట్టిక చూడాలి. పోటు సమయానికి అటో గంట ఇటో గంట గ్యాంగ్‌వే అన్నిటికంటే సమంగా ఉంటుంది. పోటు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఈవేళ పదింటికి బాగున్న రేవు వారం తర్వాత అదే పదింటికి బాగుండదు. సప్తమి, అష్టమి రోజుల్లో తేడా తక్కువ, అమావాస్య, పౌర్ణమికి ఎక్కువ. తిథి చూసి ప్రయాణం పెట్టుకోవడమనేది ఇక్కడ అక్షరాలా పనికొచ్చే సలహా. పైగా పెద్ద పోటు రోజుల్లో హుగ్లీలోకి ‘బాన్’ వస్తుంది. సముద్రం వైపు నుంచి గోడలా ఎగదన్నే నీటి అల అది. 2017 ఏప్రిల్ 26న హుగ్లీ జిల్లా భద్రేశ్వర్ దగ్గర తెలినీపాడా రేవులో వెదురు జెట్టీ పోటు తాకిడికి కూలి పలువురు చనిపోయారు. ఆ తర్వాతే రేవుల భద్రత గురించి రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా కదిలింది. 2021 జనవరిలో ప్రపంచ బ్యాంకుతో 10.5 కోట్ల డాలర్ల జలరవాణా ప్రాజెక్టుకు ఒప్పందం కుదిరింది. పాత జెట్టీల పునరుద్ధరణ, కొత్త ఫెర్రీలు, 40 చోట్ల ఎలక్ట్రానిక్ గేట్లు అందులో భాగం.

కొచ్చిని చూసి నేర్చుకోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. 2023 ఏప్రిల్ 25న మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో పాంటూన్, పడవ డెక్ ఒకే మట్టంలో ఉంటాయి. నీటితో పాటే రెండూ లేచి దిగుతాయి. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వెళ్తుంది. దేశంలో ఇంత చక్కగా ఆలోచించి కట్టిన జలరవాణా మరొకటి లేదని చెప్పొచ్చు. కానీ కొచ్చిలో ఆటుపోట్ల తేడా సుమారు ఒక్క మీటరు. అక్కడ 12 మీటర్ల గ్యాంగ్‌వేతో తీరిన సమస్యకు గార్డెన్ రీచ్‌లో దానికి నాలుగైదు రెట్ల పొడవు కావాలి. లేదంటే మలుపులు తిరిగే గ్యాంగ్‌వే, లేదంటే లిఫ్టు. ఖర్చు ఎక్కువ, అసాధ్యం మాత్రం కాదు. లండన్‌లో థేమ్స్ నది ఇంతకంటే ఎక్కువే లేచి దిగుతుంది. అక్కడి రేవుల్లో చాలావాటికి చక్రాల కుర్చీతో వెళ్లొచ్చు.

ఇంట్లోనే ఇంకో పాఠం ఉంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి మీద నడిచే పంటులోకి మోటారు సైకిళ్లు, కార్లు ర్యాంపు మీదుగా నేరుగా ఎక్కుతాయి. అది వికలాంగుల సౌకర్యం కోసం కట్టింది కాదు. బండ్ల కోసం కట్టింది. బండి ఎక్కే చోట చక్రాల కుర్చీ కూడా ఎక్కుతుంది. పాపికొండల విహార బోట్లకు ఒడ్డు నుంచి వేసే బల్ల మీద అది సాధ్యం కాదు. చక్రాలకు దారి ఉందా లేదా అన్నది చాలాసార్లు ఇలా యాదృచ్ఛికంగానే తేలుతోంది.

కోల్‌కతాలో హుగ్లీని దాటడమే పనైతే ఇప్పుడు నది కింద నుంచి వెళ్లడం సులువు. 2024 మార్చిలో ఎస్ప్లనేడ్ నుంచి హౌరా మైదాన్‌కు నది అడుగున మెట్రో మొదలైంది. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. ప్లాట్‌ఫాం, రైలు ఒకే మట్టంలో ఉంటాయి.

నౌకలు కట్టే చోటు

గార్డెన్ రీచ్‌ను బయటి ప్రపంచం గుర్తించేది నౌకా నిర్మాణం వల్ల. 1884లో చిన్న వర్క్‌షాపుగా మొదలై, 1960లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చిన గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ అండ్ ఇంజినీర్స్ (జీఆర్‌ఎస్‌ఈ) ప్రధానంగా నౌకాదళానికి, తీర రక్షక దళానికి పనిచేస్తుంది. ప్రయాణికుల నౌకలూ కడుతుంది. దక్షిణ అమెరికాలోని గయానాకు ‘ఎంవీ మా లీషా’ అనే ప్రయాణికుల, సరకుల ఫెర్రీని కట్టి పంపింది. 1838 నుంచి దశాబ్దాల పాటు ఇదే నదీ తీరం నుంచి గయానా చెరకు తోటలకు కూలీలను ఓడల్లో తీసుకెళ్లారన్నది గుర్తుంటే, ఆ ఆర్డరు కాస్త వేరుగా కనిపిస్తుంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కోసం 150 మంది ఎక్కగల, బ్యాటరీతో నడిచే ఫెర్రీని కూడా తయారుచేసింది. దాని పేరు ‘ఢేఉ’, అంటే బెంగాలీలో అల. పొగ రాదు, చప్పుడు తక్కువ. అయితే ఫెర్రీ ఎంత కొత్తదైనా వచ్చి ఆగేది ఇదే నదిలో, ఇలాంటి పాంటూన్ల పక్కనే. నౌకను బాగుచేసే శాఖ, రేవును బాగుచేసే శాఖ, రేవు దాకా ఫుట్‌పాత్ వేసే నగరపాలక సంస్థ ముగ్గురూ కలిసి కూర్చుంటే తప్ప స్కూటర్ మీద ఉన్న మనిషి ఇల్లు వదిలి డెక్ మీదకు చేరలేడు.

విశాఖలో ఎక్కితే

గార్డెన్ రీచ్‌లో నది, లాక్ గేటు రెండూ అడ్డం వచ్చే పెద్ద క్రూజ్ నౌకకు విశాఖలో ఏ అడ్డూ లేదు. 2022 జూన్‌లో కార్డేలియా సంస్థ ‘ఎంప్రెస్’ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణికులను తీసుకెళ్లింది. 2023 సెప్టెంబరులో సుమారు రూ.96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ అక్కడ ప్రారంభమైంది. విశాఖలో ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరే. నౌక నేరుగా బెర్తుకు ఆనుకుంటుంది. తెలుగు రాష్ట్రాల నుంచి స్కూటర్‌తో బయల్దేరేవారికి ఇంతకంటే మంచి మొదలు లేదు.

ఎక్కాక చూడాల్సినది నౌక వయసు. ఎంప్రెస్ 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో నీళ్లలోకి వచ్చింది. వృద్ధులు, వికలాంగుల అవసరాలకు తగ్గట్టు ప్రయాణికుల నౌకలు ఎలా ఉండాలో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సిఫార్సులు చేసింది 1996లో. అంతకుముందు కట్టిన నౌకల్లో తర్వాత మార్పులు చేసి ఉండొచ్చు, కానీ చక్రాల కుర్చీకి అనువైన కేబిన్లు కొత్త నౌకల్లో ఉన్నన్ని ఉండవు. కాబట్టి ఆ కేబిన్లు మొదట నిండుతాయి. టికెట్ ధర తగ్గేదాకా ఆగుదాం అనే పద్ధతి స్కూటర్ ఉన్న కుటుంబానికి పనికిరాదు.

కేబిన్ తలుపు కొలత కీలకం. చాలా నౌకల్లో మామూలు కేబిన్ తలుపు 22, 23 అంగుళాలే. అనువైన కేబిన్లకు 32 అంగుళాల దాకా ఉంటుంది. చిన్న ట్రావెల్ స్కూటర్ వెడల్పు 19 నుంచి 22 అంగుళాలు. కాగితం మీద పడుతుంది అనిపించేది, తలుపు గొళ్లేనికీ గోడ మలుపుకీ తగిలి ఆగుతుంది. స్కూటర్‌ను నడవాలో వదిలేద్దాం అంటే కంపెనీలు ఒప్పుకోవు. అది విసుగుతో పెట్టిన నియమం కాదు. మంటలొస్తే వందలమంది పరుగెత్తాల్సిన దారి అది. స్కూటర్ కేబిన్ లోపలే ఉండాలి, లోపలే ఛార్జ్ కావాలి. బాత్రూంకు గడప ఉందా, మంచం పక్కన స్కూటర్ తిరిగే చోటుందా అన్నది బుకింగ్‌కు ముందే, వీలైతే మెయిల్‌లో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఫోన్లో ‘ఏం ఫర్లేదు సార్, మావాళ్లు చూసుకుంటారు’ అన్న మాటకు రేవులో విలువ లేదు.

ఛార్జింగ్ దగ్గర మన ప్రయాణికులు తరచూ మరిచే విషయం ప్లగ్గు. విదేశీ నౌకల్లో అమెరికా, ఐరోపా సాకెట్లుంటాయి. మన గుండ్రని మూడు కాళ్ల ప్లగ్గు పట్టదు. 100 నుంచి 240 వోల్టుల మధ్య పనిచేసే ఛార్జరు, ఒక అడాప్టరు ఉంటే చాలు. ఎక్స్‌టెన్షన్ బాక్సులను చాలా కంపెనీలు ఎక్కేటప్పుడే తీసేసుకుంటాయి.

బ్యాటరీ సంగతి నౌక కంటే ముందు విమానంలో తేలుతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి అక్కడ నౌక ఎక్కేవారికి ఇది ముఖ్యం. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు. 24 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ 240 వాట్-అవర్లు. మడిచే స్కూటర్ నుంచి తీసి విమానం క్యాబిన్‌లో చేత పట్టుకెళ్లే లిథియం బ్యాటరీకి హద్దు 300 వాట్-అవర్లు. రెండు బ్యాటరీలైతే ఒక్కోటి 160. అంటే పైన చెప్పింది వెళ్తుంది. 24 వోల్టులు, 15 ఆంపియర్-అవర్లదైతే 360, అది వెళ్లదు. స్కూటర్ కొనేటప్పుడు దుకాణదారు ‘ఎక్కువ దూరం వస్తుంది’ అని పెద్ద బ్యాటరీ అంటగడతాడు. విమానం ఎక్కాలనుకునేవారు చిన్నదే అడగాలి. ఎయిర్‌లైన్‌కు 48 గంటల ముందే చెప్పాలి. బ్యాటరీ మీద సామర్థ్యం ముద్రించి ఉండాలి. చెరిగిపోయిన స్టిక్కరుతో భద్రతా సిబ్బందిని ఒప్పించడం కష్టం.

నౌక ఆగే ప్రతి ఊళ్లో దిగగలమనీ అనుకోకూడదు. బెర్తు లేని చోట నౌక దూరంగా లంగరేస్తుంది. చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. లక్షద్వీప్ యాత్రల్లో ఇదే పద్ధతి. అల మీద ఊగే పడవలోకి బరువైన స్కూటర్‌ను ఎక్కించడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. అక్కడ దిగాలంటే చేత్తో ఎత్తగల మడత కుర్చీ వెంట ఉండాలి, నాలుగడుగులు వేయగలగాలి. ప్రయాణ పట్టికలో ఏది బెర్తు, ఏది లంగరు అని అడిగి ఎంచుకుంటే నౌక కిటికీలోంచి దీవిని చూస్తూ కూర్చునే రోజులు తగ్గుతాయి.

ఎవరూ అడగనిది అగ్నిప్రమాదం సంగతి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా మునిగాక నియమాలు మార్చారు. ఇప్పుడు నౌక కదలకముందో, కదిలిన వెంటనేనో ప్రయాణికులందరికీ అత్యవసర కసరత్తు చేయించాలి. నిజంగా ప్రమాదం వస్తే లిఫ్టులు వాడనివ్వరు. స్కూటర్ లైఫ్‌బోట్‌లోకి రాదు. సిబ్బంది వచ్చి మెట్ల మీదుగా ప్రత్యేక కుర్చీలో దించుతారు. ఆ కేబిన్‌లో నడవలేని మనిషి ఉన్నట్టు వాళ్ల జాబితాలో ఉంటేనే వస్తారు. సాయం అడగడానికి మొహమాటపడి, బుకింగ్ ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేసే పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామంది. ‘నేను నడవగలను లే’ అనే అమ్మ మాట నమ్మి పిల్లలూ వదిలేస్తారు. ఆ ఒక్క గడి మాత్రం నింపాల్సిందే.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

దేశంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులోని 41వ సెక్షన్ అన్ని రకాల రవాణా గురించీ మాట్లాడుతుంది. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలను పేరుపెట్టి చెప్పింది. రేవులను అలా చెప్పలేదు. ‘అన్ని రవాణా సాధనాలు’ అన్న మాటలోనే పడవా ఓడా ఇమిడిపోవాలి.

రవాణాలో వికలాంగుల గౌరవం గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి కోల్‌కతా నుంచే మొదలైంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న హక్కుల కార్యకర్త జీజా ఘోష్‌ను 2012 ఫిబ్రవరిలో అక్కడి విమానాశ్రయంలో గోవా విమానం నుంచి దించేశారు. 2016 మేలో కోర్టు ఆ విమాన సంస్థను రూ.10 లక్షలు చెల్లించమంది. రెండో తీర్పులో హైదరాబాద్ ఉంది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రవేశ సౌకర్యాల నిబంధన సలహాలా ఉంటే చాలదని, తప్పనిసరి ప్రమాణాలు రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వికలాంగుల అధ్యయన కేంద్రం. రేవులకూ జెట్టీలకూ కొలతలతో కూడిన తప్పనిసరి నియమం ఏ రూపంలో వస్తుందన్నదే గార్డెన్ రీచ్ లాంటి చోట్లకు అసలు విషయం. ‘తగిన వాలు’ అని రాస్తే ఏమీ మారదు. నెలలో అతి తక్కువ ఆటు రోజున కూడా వాలు ఇంతకు మించకూడదు అని రాస్తే ఇంజినీరు 48 మీటర్ల లెక్క వేయక తప్పదు.

విదేశాల్లో ఈ తగవు ముందే నడిచింది. నౌక బహామాస్ జెండాతో తిరుగుతోంది కాబట్టి అమెరికా చట్టం వర్తించదన్న వాదనను 2005లో అక్కడి సుప్రీంకోర్టు స్పెక్టర్ కేసులో తోసిపుచ్చింది. అమెరికా జలాల్లోకి వచ్చే విదేశీ నౌకలకు వికలాంగుల చట్టం వర్తిస్తుందని, అయితే నౌక భద్రతకు అడ్డొచ్చే మార్పులు అడగరాదని చెప్పింది. ఐరోపాలో 2012 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నియమావళి ప్రకారం 48 గంటల ముందు చెబితే రేవులోనూ నౌకలోనూ ఉచితంగా సాయం చేయాలి. వాళ్ల తప్పు వల్ల స్కూటర్ పాడైతే పరిహారమివ్వాలి. విదేశీ క్రూజ్ బుక్ చేసుకునే తెలుగువారికి ఇవి వర్తించే సందర్భాలు ఎక్కువే. బార్సిలోనాలో ఎక్కినా, మయామీలో ఎక్కినా ప్రయాణికుడి పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది అక్కడ లెక్కలోకి రాదు.

నదీ క్రూజ్‌లది వేరే దారి. 2023 జనవరి 13న వారణాసిలో జెండా ఊపించుకున్న ఎంవీ గంగా విలాస్ 36 మంది ప్రయాణికులతో, బంగ్లాదేశ్ మీదుగా దిబ్రూగఢ్ దాకా 51 రోజులు, 3,200 కిలోమీటర్లు తిరిగేలా రూపొందిన యాత్ర. కోల్‌కతా నుంచి ముర్షిదాబాద్ వైపు వెళ్లే చిన్న నౌకలూ ఉన్నాయి. వీటిలో డెక్ మీద రోజంతా హాయిగా గడపొచ్చు. కానీ గుడి, తోట, పాత పట్టణం చూపించడానికి ఆపే చోట ఉండేది మట్టి గట్టు, దాని మీదకు వేసిన బల్ల, లేదా ఘాట్ మెట్లు. స్కూటర్ ఉన్నవారు వీటిని ఎంచుకుంటే దిగకుండా నదిని చూసే యాత్రగా భావించి ఎంచుకోవాలి. దిగి చూడాలంటే ఏ ఊళ్లో కాంక్రీటు జెట్టీ ఉంది, ఏ వేళకు చేరతారు, ఆ వేళకు నీరు ఎక్కడుంటుంది అని అడగాలి. మూడో ప్రశ్నకు కంపెనీ ప్రతినిధి తడబడితే గార్డెన్ రీచ్ పట్టిక తెరిచి చూసుకోవచ్చు. పై ఊళ్లకు పోటు ఆలస్యంగా చేరుతుంది, ఎత్తూ తగ్గుతుంది.